ఇయర్ 10 వర్క్ ఎక్స్‌పీరియెన్స్: ఇంగ్లండ్‌లోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా దసరా దాటగానే మా వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్నలు మొదలవుతాయి. వచ్చే వేసవిలో ఇయర్ 10 (14–15 ఏళ్ళ) పిల్లలు ఒక వారం ఏదైనా పనిచోట గడపాలి, చోటు వాళ్ళే వెతుక్కోవాలి అని స్కూలు నుంచి ఉత్తరం వస్తుంది. ఇక కంగారు మొదలు. మనం చదువుకున్న రోజుల్లో టెన్త్ పిల్లవాణ్ణి పనికి పంపారంటే ఆ ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనే అర్థం. ఇక్కడ కలెక్టరు కొడుకైనా వెళ్ళాల్సిందే. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఇది తప్పనిసరా, స్కూలు వాళ్ళు ఊరికే పెడుతున్నారా?

చట్టప్రకారం తప్పనిసరి కాదు. ఒకప్పుడు 14–16 ఏళ్ళ పిల్లలకు పని గురించి నేర్పాల్సిన బాధ్యత స్కూళ్ళ మీద ఉండేది. 2011లో వృత్తి విద్య మీద ప్రొఫెసర్ ఆలిసన్ వుల్ఫ్ నివేదిక వచ్చాక, 2012 సెప్టెంబరు నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు స్కూళ్ళు గాట్స్‌బీ బెంచ్‌మార్క్‌లు అనే ఎనిమిది ప్రమాణాలను చూసుకుంటాయి. 16 ఏళ్ళు వచ్చేలోపు ప్రతి విద్యార్థికీ కనీసం ఒక పనిచోటు అనుభవం ఉండాలి, 18 లోపు ఇంకొకటి ఉండాలి అన్నది వాటిలో ఆరోది. అందుకే చాలా స్కూళ్ళు ఇయర్ 10 చివర్లో, జూన్ జూలై నెలల్లో, ఒకటి రెండు వారాలు దీనికి కేటాయిస్తాయి. 2024 ఎన్నికలప్పుడు లేబర్ పార్టీ ప్రతి విద్యార్థికీ రెండు వారాల వర్క్ ఎక్స్‌పీరియెన్స్ అని మాట ఇచ్చింది కాబట్టి ఇది పెరిగేదే తప్ప తగ్గేది కాదు. స్కాట్లాండ్, వేల్స్ పద్ధతులు వేరు. ఇక్కడ రాసిందంతా ఇంగ్లండ్ సంగతి.

వచ్చే ఏడాది జీసీఎస్‌ఈ (ఇక్కడి టెన్త్ లాంటి పరీక్షలు) పెట్టుకుని వారం రోజులు చదువు పోగొట్టుకోవాలా? ఇంట్లో కూర్చోబెట్టి చదివించుకుంటాం అంటే?

ఈ ప్రశ్న అడగని తెలుగు తండ్రి నాకింకా తగల్లేదు. ఆ వారం తోటి పిల్లలంతా పనుల్లో ఉంటారు. చోటు దొరకనివాళ్ళను చాలా స్కూళ్ళు రమ్మని లైబ్రరీలో కూర్చోబెడతాయి, కొత్త పాఠాలేమీ జరగవు. అంటే పోయే చదువు దాదాపు ఏమీ లేదు. ఇంట్లో ఉంచేస్తే మాత్రం ఆబ్సెన్స్ పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, మన పిల్లలకు మార్కులకు కొదవ లేదు. తల్లీ తండ్రీ టీచరూ కాని పెద్దవాళ్ళతో రోజంతా మెలగడం అలవాటు లేదు. ఈ వారం దానికి పనికొస్తుంది.

డబ్బులేమైనా ఇస్తారా?

ఇవ్వరు. కనీస వేతనం చట్టం నిర్బంధ విద్య వయసు దాటినవాళ్ళకే వర్తిస్తుంది. పిల్లలకు 16 నిండే విద్యా సంవత్సరంలో జూన్ ఆఖరి శుక్రవారంతో ఆ వయసు ముగుస్తుంది. కొందరు యజమానులు బస్సు ఛార్జీ, మధ్యాహ్న భోజనం చూసుకుంటారు. ఫ్రీ స్కూల్ మీల్స్ వచ్చే పిల్లలైతే ఆ వారం భోజనం సంగతి ముందే స్కూల్లో అడిగి ఉంచుకోండి.

మేం డిపెండెంట్ వీసా మీద ఉన్నాం. ఇబ్బందేమైనా ఉందా? ఫారంలో ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) నంబర్ అడిగారు, మా పాపకు లేదు.

స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లకు మామూలు పనుల మీద ఆంక్ష లేదు, కాబట్టి స్కూలు ఏర్పాటు చేసే ప్లేస్‌మెంట్‌కు బెంగపడనక్కర్లేదు. వేరే రకం వీసా అయితే స్కూల్లో చెప్పి కనుక్కోండి. ఎన్‌ఐ నంబర్ విషయానికొస్తే, ఛైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వమిచ్చే భత్యం) తీసుకునే కుటుంబాల పిల్లలకు 16 నిండబోయే ముందు అది దానంతటదే ఇంటికి వస్తుంది. మన వీసాల మీద ఛైల్డ్ బెనిఫిట్ ఉండదు కాబట్టి రాదు. జీతం లేని ఈ వారానికి ఆ నంబరుతో పని లేదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి.

## చోటు వెతకడం

వేసవిలో కదా, ఎప్పటినుంచి వెతకాలి?

క్రిస్మస్ సెలవుల ముందే మొదలుపెట్టండి. ఒక ఊళ్ళో స్కూళ్ళన్నీ ఇంచుమించు అవే వారాల్లో పిల్లల్ని పంపుతాయి. పశువైద్యశాలలు, లాయర్ల ఆఫీసులు, రేడియో స్టేషన్లు ముందు నిండిపోతాయి. ప్రైమరీ స్కూళ్ళు, ఛారిటీ షాపులు, తోటల నర్సరీలు ఈస్టర్ దాకా దొరుకుతాయి.

మావారి ఆఫీసులోనే ఒక మూల కూర్చోబెట్టిస్తే సరిపోదా?

ఫారం నిండుతుంది, అంతే. ఐటీ ఆఫీసుల్లో ఇప్పుడు సగం మంది ఇంటినుంచే పనిచేస్తారు. పిల్లాడు ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, ఎవరో టీమ్స్ కాల్‌లో మాట్లాడుతుంటే వింటాడు. మధ్యాహ్నం మూడింటికి "అంకుల్, ఇంటికి వెళ్ళొచ్చా?" అంటాడు. దానికన్నా హైస్ట్రీట్‌లో పూలకొట్టు నయం. అక్కడ చేతికి పని ఉంటుంది, గుమ్మంలోకి మనుషులొస్తారు. తప్పనిసరై మీ ఆఫీసే అయితే, మీ టీము కాకుండా వేరే టీములో వెయ్యమనండి. ఒక పాత అప్లికేషన్ ఇచ్చి తప్పులు వెతకమంటే పిల్లలు భలే పట్టుకుంటారు. టెస్టింగ్ వాళ్ళకు ఆ జాబితా నిజంగా పనికొస్తుంది కూడా.

మా అబ్బాయి డాక్టర్ అవుతానంటున్నాడు. హాస్పిటల్లో దొరకాలంటే ఏం చెయ్యాలి?

ఇయర్ 10లో దొరకడం కష్టం. చాలా ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రులు 16 నిండనివాళ్ళను వార్డుల్లోకి తీసుకోవు. మన గ్రూపులో ఇంతమంది డాక్టర్లున్నారు, ఎవరో ఒకరు తీసుకెళ్ళరా అని అడుగుతారు. రోగి ముందు కూర్చునే చోట మొహమాటాలు పనిచెయ్యవు, వాళ్ళ ఉద్యోగాలను ఇరుకున పెట్టకండి.

ఇంతకీ మెడికల్ కాలేజీలు ఆపరేషన్ థియేటర్ చూసొచ్చావా అని అడగవు. మనుషులకు సేవచేసే చోట కొంతకాలం ఉన్నావా, అక్కడ ఏం గమనించావు, నీ గురించి నీకేం తెలిసింది అని అడుగుతాయి. దానికి కేర్ హోమ్‌ను మించింది లేదు. మతిమరుపు వచ్చిన పెద్దావిడ ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే పదోసారి కూడా మొదటిసారిలా జవాబు చెప్పడం, వినికిడి యంత్రం పెట్టుకున్నాయనకు ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడడం, టీ కప్పు ఏ చేతికి అందించాలో చూసుకోవడం. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇవి చాలా పెద్ద విషయాలు. 16 నిండాక జీపీల (ఫ్యామిలీ డాక్టర్ల) సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ జీపీస్ వారి అబ్జర్వ్ జీపీ అనే ఉచిత ఆన్‌లైన్ కార్యక్రమం ఉంది, ఇయర్ 12లో అది చేయించండి.

మాకు సొంత టేకవే ఉంది. అక్కడే చేస్తే?

రెండు చిక్కులు. ఒకటి ఇన్సూరెన్స్. స్కూళ్ళు ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో ఎవరికైనా దెబ్బతగిలితే పరిహారమిచ్చే బీమా) అడుగుతాయి. ఇంట్లోవాళ్ళే నడుపుకునే వ్యాపారం లిమిటెడ్ కంపెనీ కాకపోతే చట్టం ఆ పాలసీ అడగదు కాబట్టి చాలామంది తీసుకోరు, స్కూలు ఒప్పుకోదు. రెండోది, పిల్ల ఎలాగూ శనివారాలు ఆ కౌంటర్ వెనకే పెరిగింది. కొత్తగా చూసేదేముంది? అదే వీధిలో ఇంకో వ్యాపారంలో అడగండి. కొట్టు నడిపేవాళ్ళ పిల్లలంటే పని తెలుసన్న నమ్మకం ఉంటుంది, తొందరగా ఒప్పుకుంటారు.

ఫోన్ మేం చేస్తే మర్యాదగా ఉంటుందా, పిల్లలే చెయ్యాలా?

పిల్లలే. తండ్రి ఫోన్ చేస్తే అవతలివాళ్ళకు మొదట వచ్చే అనుమానం, పిల్లాడికి ఇష్టం లేదేమో అని. మెయిల్ అయినా అంతే: ఏ స్కూలు, ఏ తేదీలు, ఈ చోటే ఎందుకు కావాలి, తను ఏం చెయ్యగలడు. అయిదారు వాక్యాలు చాలు. చాట్‌జీపీటీతో రాయించిన మూడు పేరాల పొగడ్తలు వాళ్ళకు రోజూ వస్తుంటాయి, చూడగానే తెలిసిపోతుంది. వారంలో జవాబు రాకపోతే బడి అయ్యాక నేరుగా వెళ్ళి అడగడం మంచిది. చిన్న వ్యాపారాల్లో మెయిల్ కన్నా మనిషి కనబడితేనే పని జరుగుతుంది. మీరు బయట కారులో ఉండండి.

అందరూ కాదన్నారు. గడువు దగ్గరపడింది. ఏం చెయ్యాలి?

స్కూల్లో కెరీర్స్ లీడర్ అని ఒకరుంటారు, వాళ్ళ దగ్గర పోయినేడు పిల్లల్ని తీసుకున్నవాళ్ళ జాబితా ఉంటుంది. పిల్లాడు చదివిన ప్రైమరీ స్కూలుకు రాయించండి, పాత విద్యార్థి అంటే దాదాపు కాదనరు. ఏదీ కుదరకపోతే స్ప్రింగ్‌పాడ్ లాంటి ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్లు ఉన్నాయి. ఏమీ లేనిదానికన్నా మేలే, కానీ నలుగురి మధ్య నిలబడడం తెర ముందు రాదు.

## కాగితాలు

ఇన్సూరెన్స్ కాపీ అడిగితే షాపాయన వెనకాడుతున్నాడు. కొత్త పాలసీ తీసుకోవాలా?

అక్కర్లేదు. పనివాళ్ళున్న యజమాని దగ్గర ఎంప్లాయర్స్ లయబిలిటీ పాలసీ ఎలాగూ ఉండాలి, చట్టప్రకారం కనీసం 50 లక్షల పౌండ్లకు. ఆ బీమా కంపెనీ అసోసియేషన్ ఆఫ్ బ్రిటిష్ ఇన్సూరర్స్ సభ్యురాలైతే వర్క్ ఎక్స్‌పీరియెన్స్ పిల్లలకూ అదే సరిపోతుంది. సర్టిఫికెట్ ఫోటో తీసి స్కూలుకు పంపితే చాలు. అదనంగా ఖర్చు లేదని ఈ నాలుగు ముక్కలు మీ అబ్బాయి చేతే చెప్పించండి. చాలామంది యజమానులు వెనకాడేది డబ్బు భయంతోనే.

పసిపిల్లల నర్సరీలో చెయ్యాలంటే మా అమ్మాయికి డీబీఎస్ చెక్ (నేర చరిత్ర తనిఖీ) కావాలా?

16 నిండనివాళ్ళకు డీబీఎస్ చెయ్యనే చెయ్యరు. ఎవరైనా అడిగితే ఆ సంగతి వాళ్ళకు తెలియదని అర్థం, స్కూలు చేత మాట్లాడించండి. పసిపిల్లల దగ్గర ఆమెను ఒంటరిగా వదలరు, డైపర్లు మార్చే పని ఇవ్వరు.

రిస్క్ అసెస్‌మెంట్ అంటే ఏమిటి? మేం సంతకం పెట్టాలా?

ఆ చోట పిల్లలకు ఏ ప్రమాదాలున్నాయో, వాటికి ఏం జాగ్రత్త తీసుకుంటారో యజమాని ఆలోచించి పెట్టుకునేదే అది. నిర్బంధ విద్య వయసు పిల్లలైతే ముఖ్యమైన విషయాలు తల్లిదండ్రులకు ముందే తెలియజేయాలి, నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. స్కూలు ఇచ్చే అనుమతి పత్రం మీద మీ సంతకం ఎలాగూ ఉంటుంది. వేరుశనగ ఎలర్జీ, ఆస్తమా, మూర్ఛ లాంటివి దాచకండి. "చెబితే తీసుకోరేమో" అనుకుని మన వాళ్ళు వదిలేస్తారు. ఇన్‌హేలర్ ఏ జేబులో ఉందో అక్కడ ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

స్కూలుతో సంబంధం లేకుండా, సెలవుల్లో మేమే ఏర్పాటు చేసుకోవచ్చా?

అప్పుడది చట్టం దృష్టిలో బాలల ఉద్యోగం కిందికి రావచ్చు. స్కూలు ఏర్పాటుకు ఉన్న మినహాయింపు దీనికి ఉండదు. కౌన్సిల్ నుంచి యజమాని పర్మిట్ తీసుకోవాల్సి రావచ్చు. ఉదయం 7 లోపు, సాయంత్రం 7 దాటాక పని చేయించకూడదు. సెలవు రోజుల్లో 13–14 ఏళ్ళవాళ్ళకు వారానికి 25 గంటలు, 15 నిండితే 35 గంటలు మించకూడదు. స్కూలు ద్వారా వెళ్ళడమే సులువు.

## ఆ వారంలో

ఏ చోట నిజంగా ఏం చేయిస్తారు?

ప్రైమరీ స్కూల్లో మన పిల్లలకు బాగా కుదురుతుంది. పొద్దున పెన్సిళ్ళు చెక్కడం, గోడకు రంగు కాగితాలు స్టేపుల్ చెయ్యడం, తర్వాత ఇయర్ 1 పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం చదివించడం. నిన్నటిదాకా తనే పిల్ల, ఇవాళ "మిస్, మిస్" అని చెయ్యి పట్టుకు లాగుతుంటే వచ్చే ముఖకళ చూడాలి.

ఫార్మసీలో మందులు రోగులకు అందించే పని ఇవ్వరు. ఎక్స్‌పైరీ దగ్గరపడిన పెట్టెలు ముందు వరుసలోకి జరపడం, కట్టిపెట్టిన సంచులు ఇంటిపేర్ల వరుసలో సర్దడం ఉంటాయి. చాలావరకు అది నిలబడి చేసే ఉద్యోగమని మొదటిరోజు సాయంత్రం కాళ్ళే చెబుతాయి. తెలిసినవాళ్ళ ఫార్మసీ అయితే అక్కడ ఉన్నంతసేపు "అంకుల్" అనొద్దని ముందే చెప్పి పంపండి. మిగతా సిబ్బంది ముందు ఇద్దరికీ ఇబ్బంది.

కారు గ్యారేజీ అంటే మనవాళ్ళు మొహం తిప్పుకుంటారు. నేనైతే ముందు దానికే ఓటేస్తాను. లిఫ్టు మీదికెత్తిన కారు కింద చిన్నపిల్లల్ని పనిచెయ్యనివ్వరు కానీ టైరు చూడ్డం నేర్పుతారు. టైరు గాడిలో 20 పెన్స్ నాణెం నిలబెట్టాలి. నాణెం అంచున ఉన్న వెడల్పాటి పట్టీ బయటికి కనబడిందంటే టైరు అరిగిపోయినట్టే. చట్టం అడిగే లోతు 1.6 మిల్లీమీటర్లు. ఆ తర్వాత గేజితో కొలిచి కార్డు మీద రాస్తాడు. అంత చిన్న కొలత మీద ఒక కారు రోడ్డెక్కాలో వద్దో తేలుతుందంటే, క్లాసులో దశాంశాలంటే ఆవులించేవాడు కూడా రెండోసారి కొలుస్తాడు. స్టీలు ముక్కు బూట్లు కావాలేమో ముందే అడగండి, ఒక్క వారానికి కొత్తవి కొనకుండా ఎవరివైనా తెచ్చుకోవచ్చు.

లాయర్ల ఆఫీసులో ఎక్కువభాగం కాగితాలు స్కాన్ చెయ్యడం, కేసు కట్టలకు పేజీ నంబర్లు వెయ్యడం. ఒక పూట మేజిస్ట్రేట్స్ కోర్టుకు తీసుకెళ్తే ఆ పూటే వారమంతటికీ గుర్తుంటుంది. నిజానికి ప్రేక్షకుల గ్యాలరీ అందరికీ తెరిచే ఉంటుంది, 14 నిండితే మామూలుగా కూర్చోనిస్తారు. పశువైద్యశాలలో గిన్నెలు, బోన్లు, నేల కడగడమే సింహభాగం. కుక్కపిల్లల్ని ఎత్తుకోవడం కోసమే వెళ్ళినవాళ్ళు రెండో రోజుకే డీలాపడతారు. ఫినాయిలు వాసన భరించి శుక్రవారందాకా నిలిచినవాళ్ళు మాత్రం వెటర్నరీ మీద నిజంగా మనసున్నవాళ్ళే.

రోజంతా టీలే పెట్టిస్తున్నారట! మాట్లాడమంటారా?

మొదటి రెండు రోజులు ఆగండి. ఇంగ్లండులో టీ అందరూ వంతులవారీగా పెడతారు, అది నౌకరు పని కాదు. ఎవరికి పాలెన్ని, చక్కెర ఎన్ని అని అడుగుతూ తిరిగితే అందరి పేర్లూ తెలుస్తాయి. బుధవారానికి కూడా టీ తప్ప ఇంకేం లేకపోతే పిల్లే వెళ్ళి "ఇంకేమైనా చేసిపెట్టనా?" అని అడగాలి. తీరిక లేక పట్టించుకోని సూపర్‌వైజర్లే ఎక్కువ, అడిగితే ఇస్తారు.

చేతికి కట్టిన తాడు, గాజులు తీసెయ్యాలా?

వైద్యం, వంట, పశువుల దగ్గర తియ్యమంటారు. మోచేతి కింద ఏమీ ఉండకూడదన్నది ఎన్‌హెచ్‌ఎస్ వార్డుల్లో పట్టింపుగా పాటించే నియమం. గుళ్ళో కట్టిన రక్ష కత్తిరించడం ఇష్టం లేకపోతే ముందే విప్పి పర్సులో పెట్టుకోమనండి. ఆఫీసులు, షాపుల్లో బొట్టుకూ తాడుకూ ఎవరూ అడ్డు చెప్పరు.

మా వాడు శాకాహారి. బేకరీలో, కెఫేలో ఇబ్బంది కదా?

వండేవి తినమని ఎవరూ బలవంతపెట్టరు. కానీ సాండ్‌విచ్‌లో హామ్ పెట్టను అనేది అక్కడికెళ్ళాక చెబితే వాళ్ళ పని ఆగుతుంది. అడగడానికి వెళ్ళినప్పుడే చెప్పాలి.

ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే?

ఆ రోజే స్కూలుకు చెప్పాలి. ప్రతి స్కూల్లోనూ పిల్లల రక్షణ బాధ్యత చూసే టీచరు ఒకరుంటారు. మళ్ళీ అక్కడికి పంపక్కర్లేదు, లాగ్‌బుక్ (ఆ వారం చేసిన పనులు రాసుకునే పుస్తకం) సంగతి స్కూలు చూసుకుంటుంది. పిల్ల మీతో చెప్పలేకపోతే పిల్లలకు సాయం చేసే ఫోన్ లైన్ ఛైల్డ్‌లైన్ ఉంది: 0800 1111, ఖర్చు లేదు. "తెలిసినవాళ్ళు కదా, ఏమనుకుంటారో" అనే మాట ఇంట్లో రానివ్వకండి.

## తర్వాత

మా అమ్మాయికి అస్సలు నచ్చలేదు. ఇక ఆ లైను వద్దంటోంది. వారం దండగేనా?

యూనివర్సిటీలో రెండేళ్ళు గడిచాక తెలిసే సంగతి అయిదు రోజుల్లో తెలిసింది. అయితే ఏది నచ్చలేదో విడదీసి అడగండి. పని నచ్చలేదా, ఆ చోటా, ఆ మనిషా? ఒక చిరాకు సూపర్‌వైజర్ వల్ల ఆర్కిటెక్చర్ మొత్తం వదిలేసుకోకూడదు.

థ్యాంక్స్ చెప్పడానికి స్వీట్ల డబ్బా పంపొచ్చా?

పంపండి, జీడిపప్పు ఉంటే పైన రాసి. దానికన్నా పిల్లాడు చేత్తో రాసిన కార్డు ముఖ్యం. అందులో తను నేర్చుకున్న ఒక పని పేరు పెట్టి రాయాలి. శనివారం ఉద్యోగానికో రిఫరెన్సుకో రేపు మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్తాడు.

యూకాస్ (యూనివర్సిటీ ప్రవేశాల) అప్లికేషన్లో ఇయర్ 10 సంగతి రాస్తే విలువుంటుందా?

2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది, మొత్తం 4,000 అక్షరాలు. చదువు బయట ఏం చేశావు, అది ఎలా పనికొచ్చింది అనేది మూడో ప్రశ్న. ఇయర్ 10 వారం అక్కడ ఒకటి రెండు వాక్యాలకు మించి పట్టదు, ఇయర్ 12 అనుభవమే ముందుకొస్తుంది. కానీ లాగ్‌బుక్ పారేయకండి. రెండేళ్ళ తర్వాత ఆ చిన్నచిన్న వివరాలు ఎవరికీ గుర్తుండవు.

16 తర్వాత ఎ లెవెల్స్ కాకుండా టి లెవెల్ (వృత్తి విద్య కోర్సు) తీసుకుంటే ప్లేస్‌మెంట్ ఇలాగే ఉంటుందా?

చాలా పెద్దది. 2020లో మొదలైన టి లెవెల్స్‌లో కనీసం 315 గంటలు, అంటే సుమారు 45 రోజులు, నిజమైన పనిచోట గడపాలి. అది కోర్సులో భాగం, పూర్తిచెయ్యనిదే టి లెవెల్ రాదు.

వేసవిలో ఇండియా వెళ్తున్నాం. గుంటూరులో మా బావగారి నర్సింగ్‌హోమ్‌లో చేస్తే స్కూలు ఒప్పుకుంటుందా?

చాలా స్కూళ్ళు ఒప్పుకోవు. బీమా, భద్రత బాధ్యత అక్కడిదాకా తీసుకోలేవు. సొంతంగా చేసుకుంటే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకోవచ్చు, అదీ జాగ్రత్తగా. బావగారు ప్రేమకొద్దీ ఆపరేషన్ థియేటర్లో నిలబెడతారు, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. రోగి అనుమతి తీసుకున్నారా అని ఇక్కడి ఇంటర్వ్యూలో అడిగితే పిల్లాడి దగ్గర జవాబుండదు. ఓపీ బయట బెంచీ మీద కూర్చుని, పొద్దున ఆరింటికి పల్లెటూరి నుంచి బస్సెక్కినవాళ్ళు టోకెను కోసం ఎలా నిలబడుతున్నారో, ఎవరి ఫీజు ఎవరు కడుతున్నారో, జీపీ దగ్గర మన అపాయింట్‌మెంట్‌కూ దానికీ తేడా ఏమిటో రాసుకోమనండి. అలా రాసుకున్నదైతే ఇంటర్వ్యూలో ఎవరడిగినా చెప్పగలడు.